నేషనాలిటీ అన్నచోట

ఒమాన్‌లోని అల్ సువైక్‌లో నేను ఫారాలు నింపిపెట్టే టైపింగ్ షాపు నడిపే రోజుల్లో, ఒక ఇంట్లో వంట చేసే కడప అక్క వచ్చేది. ఏ కాగితం చూసినా ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టి, "దీనికి అర్థమేందన్నా?" అనేది. స్టేట్ అంటే ఒకచోట రాష్ట్రమనీ, ఇంకోచోట ప్రభుత్వమనీ చెబితే ఆమె కళ్లు మెరిసేవి. అలాగే చదవడమూ పట్టేసింది.

ఒకరోజు ఆమె పాస్‌పోర్టు రెన్యువల్ ఫారం నింపుతున్నాను.

"ఆగన్నా. నేషనాలిటీ కాడ ఒమాన్ అని కొట్నావు."

"ఉండేది ఇక్కడే కదక్కా."

"ఉండే దేశం పైన అడిగినారు. ఇది నేను ఏ దేశం మనిషినో అడిగేది. ఇండియన్ అని కొట్టు."

అలాగే పంపి ఉంటే ఫారం తిరిగొచ్చేది. తప్పు దొరికిన సిగ్గుకంటే నాకు సంబరమే ఎక్కువైంది. దిద్దేలోపే, వెనక నిలబడ్డ గోదావరి ఆవిడ తన ఫారం నాకివ్వకుండా అక్క చేతికిచ్చింది.