గిటారుకు మేరువు

శ్యామలాంబగారి చెవి వరమో శాపమో, ఆవిడ భర్త సుందరరామయ్యగారు పాతికేళ్లు కాపురం చేసినా తేల్చుకోలేకపోయారు. వంటింట్లో బిందె దింపిన చప్పుడు విని, అడుగున చిల్లు పడబోతోందని ముందే చెప్పేవారావిడ. స్కూల్లో గంట కొడితే, "జవాను ఇవాళ చెయ్యి మార్చి కొట్టాడు" అనేవారు. తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేసే సుందరరామయ్యగారు ఆ ఇంట్లో ఈల వెయ్యడం ఏనాడో మానుకున్నారు.

ఆవిడ నర్సీపట్నంలో బాలికల హైస్కూలు తెలుగు టీచరు. పొద్దున్నా సాయంత్రం నలుగురు పిల్లలకు వీణ చెప్పేవారు. వీణ మీద ఇరవైనాలుగు మెట్లూ మైనంలో నిలబడి ఉంటాయి. వేసవికి మైనం మెత్తబడి మెట్టు ఒరిగితే స్వరం చెడుతుంది. అప్పుడు మైనం కరిగించి, ఒక్కొక్క మెట్టూ చెవితో చూసుకుంటూ మళ్లీ నిలబెట్టాలి. దాన్నే మేళం కట్టడం అంటారు. ఏటా బొబ్బిలి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చి ఆ పని చేసి వెళ్లేవాడు. డెబ్బైనాలుగులో ఆయనకు చూపు మందగించింది, రావడం మానేశాడు. ఎనిమిది నెలలు వీణ గోడకే ఆనుకుని ఉంది. ఒక ఆదివారం ఆవిడ ఇక ఆగలేక కొయ్యూరు సంతనుంచి తేనెమైనం తెప్పించి, కుంపటి రాజేసి కూర్చున్నారు. మూడు రోజులు పట్టింది. వేళ్లు కాలాయి, చారు మాడింది, మేళం మాత్రం కుదిరింది. ఆ తరవాత చుట్టుపక్కల ఊళ్లలో వీణ ఉన్నవాళ్లందరూ ఆవిడ ఇంటికే రావడం మొదలుపెట్టారు.

ఎనభైమూడులో పక్క వాటాలోకి రమణబాబు అద్దెకు దిగాడు. నాతవరం వాడు, తాండవ కాలవల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. నవ్వితే వీధి చివరికి వినిపించేది. స్నేహితులతో కలిసి ఆర్కెస్ట్రా పెట్టాడు. విశాఖపట్నంలో ఓడమీద పనిచేసే ఒకాయన దగ్గర ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు, దాని స్పీకరు పెట్టె సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు. ఆదివారం పొద్దున్న ప్రాక్టీసు.

మూడు ఆదివారాలు శ్యామలాంబగారు ఓర్చుకున్నారు. నాలుగో ఆదివారం చేతిలో పిండి కలుపుతున్న గరిటెతోనే వెళ్లి తలుపు తట్టారు.

రమణబాబు గాభరాగా లేచాడు. "ఏటండీ టీచరుగారూ, సౌండెక్కువైపోనాదేటండి? బేగి తగ్గించేస్తానండి."

"సౌండు గొడవ కాదు నాయనా. నీ మూడో తీగ వట్టిగా మీటితే బాగానే ఉంది. మొదటి మెట్టు మీద నొక్కితే పైకి పోతోంది. రెండో మెట్టు మీద ఆ తేడా కాస్త తక్కువ. అలా దిగువకి వెళ్లేకొద్దీ సర్దుకుంటోంది. అది నీకు వినపడటం లేదా?"

రమణబాబు మంచం మీద కూలబడ్డాడు. "అమ్మ బాబోయ్! ఆర్నెల్లుగా నా సెవిలోనే తేడా ఉందనుకుంటన్నానండి. తీగలన్నీ సరిగ్గా బిగిత్తాను, నాలుగు తీగలు కలిపి నొక్కి కార్డు పట్టేసరికి ఏడుపొచ్చేత్తది. మా సింగరు మన్మథరావున్నాడు సూడండి, 'నువ్వా గిటారు మూసేత్తే నాను శ్రుతిలో పాడతాను' అంటన్నాడు."

అప్పటికే వాడు విశాఖపట్నంలో ఒక సంగీతం దుకాణానికి గిటారు పట్టుకెళ్లి చూపించాడు. వాళ్లు చూసి నట్ బాగాలేదన్నారు, తమ దగ్గర లేదన్నారు. నట్టే కదా అని నర్సీపట్నం వచ్చి జోగులు సైకిలు షాపుకి వెళ్లాడు. జోగులు డబ్బాడు నట్లు గోనెపట్టా మీద పోసి, "ఏ సైజు గావాలో ఏరుకో. స్పేనరెంత?" అన్నాడు. ఇద్దరూ గిటారు తిప్పి తిప్పి చూశారు గాని నట్టు ఎక్కడుందో ఇద్దరికీ దొరకలేదు.

శ్యామలాంబగారికి అది చూడగానే తెలిసింది. తీగలు బిరడల నుంచి వచ్చి, మెట్ల పలక మొదట్లో ఒక చిన్న అడ్డకమ్మీ మీద కోసిన గాళ్లలో కూర్చుని ముందుకు సాగుతున్నాయి. "మేరువయ్యా ఇది! వాళ్లు నట్ అన్నది దీన్నే. మా వీణకీ ఉంది" అన్నారు. తీగ ఆ మేరువు మీద బాగా ఎత్తుగా ఉంది. మొదటి మెట్టు దాకా నొక్కాలంటే తీగ సాగుతుంది, సాగితే స్వరం పైకి పోతుంది. గాళ్లు లోతు చేస్తే సరి.

జోగులు దగ్గర సన్నటి ఆకురాయి తెచ్చి గాళ్లు అరగదీశారు. చాలావరకు కుదిరింది. ఆరో తీగ కొద్దిగా, మూడోది ఇంకాస్త ఎక్కువగా పైకే పోతున్నాయి. ఆవిడకి పట్టుదల వచ్చింది. మూడో తీగ గాడిని ఇంకో నాలుగు రుద్దులు రుద్దారు. తీగ వెళ్లి మెట్టుకి తగిలి, కందిరీగలా జుయ్యిమంది.

మేరువు పాడైపోయింది. పది రోజుల్లో రావికమతంలో పెళ్లి విందుకి ప్రోగ్రాం. రమణబాబు "పోన్లెండి, పాతదే కదండి" అని నవ్వడానికి చూశాడు. ఆ నవ్వు పక్క గదికి కూడా వినిపించలేదు. శ్యామలాంబగారు ఆ పూట అన్నం సగంలో వదిలి లేచారు.

"వాడి వస్తువు నేను పాడుచేశానండీ" అన్నారు భర్తతో.

"బాగుచెయ్యడం నీకు తెలుసు కదుటే, చెయ్యి" అన్నారు సుందరరామయ్యగారు, పేపరు దించకుండానే.

మర్నాడు సాయంత్రం ఒక పిల్ల వీణకి మేళం కడుతున్నారు. గాంధారం మెట్టుని గోటితో ఒక్క వెంట్రుకవాసి జరిపారు. స్వరం సరిపోయింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. వీణమీద స్వరం తప్పితే మెట్టుని జరుపుతాం. గిటారు మెట్లు పలకలోకి కొట్టేసిన ఇనుపవి, జరగవు. జరపగలిగింది మేరువు ఒక్కటే. అది ముందుకొస్తే వట్టి తీగ పొట్టిదవుతుంది, దాన్ని మళ్లీ శ్రుతికి దించితే నొక్కిన స్వరాలూ దిగుతాయి. తప్పు ఆరు తీగలకీ ఒకేలా లేదు కాబట్టి, మేరువుని ఏ తీగకి ఆ తీగ విడిగా ముందుకు జరపాలి.

వెంటనే కొబ్బరి చీపురు నుంచి పుల్లలు విరిచి, చాకుతో చెక్కి, పక్కింటికి వెళ్లారు. పుల్లముక్కని మేరువుకి ముందు తీగ కింద దూర్చి, కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతిసారీ వట్టి తీగ సరిచేయించి, నొక్కించి విన్నారు. పుల్ల లావుగా ఉంటే తీగ పైకి లేచి కథ మొదటికొస్తోంది. మళ్లీ చెక్కడం. కుదిరిన చోట పెన్సిలుతో గీత. మూడో తీగకి బియ్యపుగింజ మందం ముందుకి రావాలి. ఆరోదానికి అందులో సగం. మిగతావాటికి ఇంకా తక్కువ. ఆరు గీతలూ కలిపి చూస్తే వంకరటింకర మెట్లదారిలా ఉంది.

"ఇదేటండి, ఇలాగుంది? మేరువు తిన్నగా ఉండాలి కదండి?" అన్నాడు రమణబాబు.

"తిన్నగా ఉండాల్సింది స్వరం" అన్నారావిడ.

ఇక దేనితో చెయ్యాలన్నది తేలలేదు. దువ్వెన ముక్క కోసి పెడితే రెండు రోజుల్లో తీగ అందులోకి దిగిపోయింది. జోగులు ఇత్తడి ముక్క అరగదీసి ఇచ్చాడు. వట్టి తీగలు పూజగంటల్లా మోగాయి, నొక్కిన తీగలు వేరే వాయిద్యంలా వినిపించాయి. గట్టిగా ఉండాలి, గణగణమనకూడదు.

శనివారం సుందరరామయ్యగారు క్లబ్బుకి బయలుదేరుతూ క్యారమ్స్ స్ట్రైకరు బల్లమీద పెట్టి చెప్పులు వేసుకుంటున్నారు. ఆ టక్కుమన్న చప్పుడు శ్యామలాంబగారికి వినిపించింది. వచ్చి స్ట్రైకరు తీసి మళ్లీ బల్లమీద కొట్టారు. మళ్లీ కొట్టారు.

"వద్దు" అన్నారు సుందరరామయ్యగారు.

"నేనేం అడగలేదు."

"నీ మొహం అడుగుతోంది. అది ఏనుగు దంతం. ఇరవై ఏళ్ల నుంచి నా చేతిలో ఉంది."

"దంతం కాదు, ఎముకని ఎన్నిసార్లు చెప్పాను!"

ఆయన చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నారు. పక్క వాటాలోంచి ఆ వారమంతా రమణబాబు నవ్వు వినిపించలేదు. కాసేపు గోడవైపు చూసి, "సగం కోసి మిగతాది నాకిస్తావా?" అని అడిగారు.

"పొడవు చాలదండీ. సరిగ్గా నడిమికి కొయ్యాలి."

"అయితే కోసెయ్యి. నేను చూడను" అని వట్టి చేతులతో క్లబ్బుకి వెళ్లిపోయారు.

జోగులు దాన్ని పట్టుకారులో బిగించి, రంపపు బ్లేడుతో నడిమి పట్టీ తీశాడు. రమణబాబు చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా కొట్టి పాత మేరువు ఊడదీశాడు. కొత్తదానికి ముందువైపు పలకమీదికి వచ్చేలా చిన్న పెదవి వదిలి, గీతల ప్రకారం ఏ తీగ దగ్గర ఎంత ఉంచాలో అంత ఉంచి అరగదీశారు. గాళ్లకి ఈసారి ఆవిడ ఆకురాయి ముట్టలేదు. తెగిపోయిన గిటారు తీగలతోనే రంపంలా లాగారు, రెండుసార్లు లాగడం, ఒకసారి వినడం. ఆదివారం మధ్యాహ్నానికి రెండు చుక్కల జిగురుతో అది కూర్చుంది.

రమణబాబు కార్డు పట్టాడు. ఇంకోటి పట్టాడు. తరవాత అవే రెండూ పదిసార్లు వాయించాడు. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. శ్యామలాంబగారు లేచి, "పిండి పులిసిపోతోంది" అని గబగబా ఇంట్లోకి వచ్చేశారు.

రావికమతం ప్రోగ్రాంకి దంపతులిద్దరినీ బస్సెక్కించి తీసుకెళ్లాడు రమణబాబు. ఆర్కెస్ట్రా అంటే ఆవిడకి అదే మొదటిసారి. మొదటి పాట అయ్యేదాకా కళ్లు మూసుకుని, మూడో తీగ ఒక్కటే విన్నారు. అది ఎక్కడా తప్పలేదు. పాటలయ్యాక మన్మథరావు వచ్చి నమస్కారం పెడితే, "బాగా పాడావు నాయనా. రెండో చరణంలో కిందికి దిగిపోయావు" అన్నారు. రమణబాబు నవ్వు షామియానా అవతలికి వినిపించింది.

ఆ చలికాలం స్కూలు వార్షికోత్సవం వచ్చింది. ఏటా ఆవిడ వీణ వాయించడం, మూడో వరుస వెనక ఎవరికీ వినపడకపోవడం మామూలే. ఈసారి రమణబాబు తన పెట్టె మోసుకొచ్చి, చిన్న మైకుని వీణ దగ్గర గుడ్డతో కట్టాడు.

"వీణకి ఇదేమిటయ్యా!" అని ఆవిడ విసుక్కున్నారు.

"ఒక్కసారి మీటి సూడండి. నచ్చకపోతే ఇప్పేత్తాను."

మీటారు. గేటు దగ్గర జామకాయలమ్మే ఆమె బుట్ట వదిలి లోపలికి తొంగి చూసింది. వెనక బెంచీల పిల్లలు మాటలాపారు. ఆవిడ పావుగంట అనుకున్నది ముప్పావుగంట వాయించారు.

వారం తిరిగేసరికి వీణ నేర్చుకుంటామని వచ్చిన పిల్లల్ని కలిపితే మొత్తం పదకొండుమంది అయ్యారు. ఆవిడ ఇంటి హాల్లో తొమ్మిదిమందే పట్టారు. మిగతా ఇద్దర్నీ రమణబాబు తన వాటాలో చాప పరిచి కూర్చోబెట్టాడు. రెండు వాటాల నడిమి తలుపు తెరిచే ఉంచి, శ్యామలాంబగారు అక్కడి నుంచే వాళ్ల తప్పులు చెప్పేవారు.