గోరీ చేతిని కొలిచిన సీడీ

మరిపెడ పక్క తండాలో మంగీలాల్ గప్పాలు మొదలుపెడితే మేకలు కూడా మేత ఆపి వింటాయి. ఎనిమిదో తరగతిలో తను బడి మానేసింది, సార్ల దగ్గర నేర్చుకోడానికి ఇంకేం మిగల్లేదనేనట! సీడీలు కిరాయికిచ్చే దుకాణం నడిపిన రోజుల్లో, తన సినిమాల కోసం ఖమ్మం బస్సు గంటసేపు ఆగేదనేవాడు. ఫోన్లొచ్చి దుకాణం మూతబడింది. మిగిలిన సీడీలు మిరప చేలో చిలకల్ని బెదిరిస్తున్నాయి.

పోయిన ఎండాకాలం అతని భార్య గోరీకి పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఆరు నెలల్లో కదలిక రాకుంటే ఆశ తక్కువన్నారు దవాఖానలో.

మంగీలాల్ గోడకు సైకిల్ చక్రం బిగించి, దానికో పిడి పెట్టి, ఆ పిడికి గోరీ ఎడమ చేతిని చీరపేలికతో కట్టి తిప్పమన్నాడు. చక్రం నడుమ ఓ సీడీ అతికించాడు. వెండిపూత గీకేస్తే గాజులా తేటపడింది. అంచు చుట్టూ నూటెనభై నల్లగీతలు గీశాడు. ఇటు చిన్న లైటు, అటు సెన్సర్, దానికి అంకెలు చూపే డబ్బా. గీత దాటినప్పుడల్లా డబ్బా మీద అంకె రెండు డిగ్రీలు పెరుగుతుంది.

మొదటి నెల ఇరవై డిగ్రీలు. ఐదో నెలకు ఎనభై ఆరు!

"చెయ్యి లేస్తున్నట్టు నాకైతే అనిపిస్తలేదయ్యా," అన్నది గోరీ.

"నీకేం తెల్సు? అబద్ధాలాడేది నేను, మిషన్ కాదు."

పెద్ద పెద్ద డాక్టర్లు తండాకు దారి అడుగుతున్నారని అంగడంతా చాటాడు.

అది విని అతని తమ్ముడు ప్రేమ్‌సింగ్ వచ్చాడు. "ఎనభై ఆరంట గద వదినె! జర గా చెంబు అందుకో, చూస్త."

గోరీ పళ్ళు బిగబట్టింది. చెయ్యి ఒళ్ళోనే వణికింది. ప్రేమ్‌సింగ్ నవ్వు ఆపేసి, చెంబు తనే తెచ్చి ఆమె కుడిచేతికిచ్చాడు.

అతను పోయాక మంగీలాల్ సీడీని ఒకే గీత మీద ముందుకూ వెనక్కీ వేలితో కదిపాడు. రెండు, నాలుగు, ఆరు... పెరుగుతూనే ఉంది. గీత దాటిందని సెన్సర్‌కు తెలుసు గానీ ఎటు దాటిందో తెలియదు. ఇన్నాళ్ళూ అది లెక్కపెట్టింది వణుకును.

ఆరో నెల నిండేనాడు రెండో సెన్సర్ బిగించాడు, ముందుకు పోతే కూడేలా, వెనక్కొస్తే తీసేసేలా. గోరీ చెమటలు కారేదాకా తోసింది.

"ఎంతొచ్చింది?"

డబ్బా అతనివైపే తిరిగి ఉంది. ఏ అంకె చెప్పినా ఆమె నమ్మేది.

"నాలుగు."

"మరి ఎనభై ఆరు?"

"అది వణుకు, గోరీ."

ఆమె కుడిచేత్తో చక్రాన్ని ఆపింది. "కట్టు విప్పు. పేలిక కోస్తున్నది. రేపటి సంది కట్టకు."

అతను ముడి విప్పాడు. చెయ్యి జారి ఆమె ఒళ్ళో పడింది.