ఎల్లారావు ఇప్పించిన మాట

విశాఖపట్నంలో ఫలానా చోట అవినీతి జరిగిందట కదా అని పార్లమెంటులో ఒక ఎంపీ అడిగితే, "లేదు" అని మంత్రిగారు చెప్పే జవాబు మంత్రిగారిది కాదు. ఆ ప్రశ్న ఢిల్లీలో ఫ్యాక్సెక్కి, ఒక్కో ఆఫీసే దిగుతూ వచ్చి, చివరికి ఎవరో గుమస్తా బల్ల మీద పడుతుంది. పోర్టు దగ్గర బొగ్గుయార్డు నడిపే ఒక కేంద్ర సంస్థలో ఆ గుమస్తా పేరు ఎల్లారావు. సంస్థ పేరు మనకనవసరం.

ఎల్లారావు చోడవరం దగ్గర రైతుల ఇంట పుట్టి, డిగ్రీ పాసై, ఎనభై రెండులో ఉద్యోగంలో చేరాడు. పద్దెనిమిదేళ్లలో పార్లమెంటుకి రెండు వందల పైచిలుకు జవాబులు రాశాడు. దొంగతనం జరిగిందా అంటే "లేదు". ఎవరి మీద చర్య తీసుకున్నారంటే "ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు". ఆయన జవాబులో మారు ప్రశ్న వేయడానికి సందు దొరకదని పై ఆఫీసుల్లో మంచి పేరు. అందుకు సిగ్గుపడ్డాడా అంటే, పడలేదు. ఉద్యోగం అదే కదా అనుకున్నాడు.

తొంభై ఎనిమిదిలో ఆయన భార్య కామేశ్వరికి ఉబ్బసం పట్టుకుంది. వాళ్ల ఇల్లు మల్కాపురంలో, యార్డు మీది గాలి నేరుగా వచ్చే వీధిలో. ఉతికి ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిదరంగుకి తిరుగుతుంది. ఇల్లయినా మారాలి, ధూళి అయినా ఆగాలి, మందులతో అయ్యేది కాదన్నాడు డాక్టరు. ఇల్లు మారడం వాళ్ల చేతిలో లేదు.

ధూళి లేవకుండా బొగ్గుగుట్టల మీద నీళ్లు చిమ్మే గొట్టాలు యార్డుకి పన్నెండు ఉన్నాయి, ఫైల్లో. తొంభై ఏడులో బిగించారు. రోజుకి మూడుసార్లు చిమ్ముతున్నాయి. వాటిలో ఒకటి చెడిపోతే బాగు కూడా చేయించారు. యార్డులో మాత్రం ఒక్కటీ లేదు. ఆ సంగతి ఎల్లారావుకి మొదట్నుంచీ తెలుసు. పెళ్లాం నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోవడం చూశాక, ఆ సంగతి ఊరుకోనివ్వలేదు.

రెండు వేల సంవత్సరంలో ఒక ఆదివారం ఎంపీ గారింటికి వెళ్లి అంతా చెప్పాడు. ఎంపీ పాతకాలం ప్లీడరు.

"అడుగుతానయ్యా. లేదని జవాబొస్తుంది. అప్పుడేం చేస్తావు?"

"ఆ జవాబు రాసీది నానేనండి."

ఎంపీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే నిజమే రాసెయ్యి."

"నిజం రాత్తే మా ఆఫీసరే సింపేత్తాడు. ఢిల్లీ దాకా ఎల్లదు. అందుకే మంత్రిగారి సేత మాటిప్పిత్తాను బాబూ. తమరది పట్టుకుని ఒగ్గకండి."

"వదలను," అన్నాడు ఎంపీ.

నెల తిరక్కుండా, గొట్టాల్లో అవినీతి జరిగిందా అని ప్రశ్న దిగింది. ఎల్లారావు ఎప్పటిలాగే "లేదు", "ఉత్పన్నం కాదు" అని రాసి, కింద ఇంకో వాక్యం కలిపాడు: "పన్నెండు గొట్టాలనూ మూడు నెలల్లోగా పూర్తిగా పనిచేయిస్తాం."

సెక్షన్ ఆఫీసరు గవర్రాజు భీమవరం మనిషి, ఆ సీటుకి కొత్త. "ఈ చివరి ముక్క ఎందుకయ్యా?" అన్నాడు.

"మెత్తగా ఉంటాదండి. సభ్యులు సల్లబడతారు."

"బానే ఉందిలే," అని గవర్రాజు సంతకం పెట్టాడు. ఆ పైవాళ్లూ పెట్టారు. మంత్రిగారు సభలో చదివారు.

మంత్రి సభలో "చేస్తాం" అంటే అది హామీ కింద లెక్క. అలాంటి హామీలు నెరవేరాయా లేదా అని వెంటపడి అడగడానికే ఎంపీల కమిటీ ఒకటి ఉంది. ముదిరిన గుమస్తాలు అందుకే చచ్చినా "చేస్తాం" అని రాయరు. పైగా చిత్తుప్రతి అడుగున రాసినవాడి పొట్టి సంతకం ఉంటుంది. ఎల్లారావుకి భయమేసింది.

మూడు నెలలు గడిచాయి. ఆఫీసు గడువు పెంచమంది. ఎంపీ, ఒప్పుకోవద్దని కమిటీకి ఉత్తరం రాశాడు. మళ్లీ గడువడిగారు, మళ్లీ రాశాడు. నాలుగో ఉత్తరానికి కమిటీ విమానం దిగింది.

అప్పటికి యార్డులో పన్నెండు గొట్టాలు నిలబెట్టి పచ్చరంగు వేశారు. వాటికి నీళ్ల లైను లేదు. కూడా వచ్చిన మన ఎంపీ ఒకదాని చక్రం తనే తిప్పాడు. లోపల్నుంచి బల్లి తల బయటపెట్టి, అంతమందిని చూసి వెనక్కిపోయింది.

"ఆ మూడు నెలల మాట మా గుమస్తా రాసిందండీ," అన్నాడు గవర్రాజు.

"సభలో చెప్పింది మంత్రిగారు. మాకు గుమస్తాతో పనిలేదు," అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

నలభై రోజుల్లో నీళ్లొచ్చాయి. గొట్టాలు తిన్నవాళ్లలో ఇద్దరి మీద విచారణ మొదలైంది. మూడో ఆయన అప్పటికే సన్మానం చేయించుకుని రిటైరయ్యాడు. విచారణ సాగుతుండగానే, ఆఫీసు పరువు తీసే వాక్యం కావాలని రాశాడని ఎల్లారావుని సస్పెండ్ చేశారు. అప్పటికి యార్డులో నీళ్లు చిమ్మడం మొదలై అయిదు నెలలు.

ఆర్డరు తెచ్చి పొద్దున్నే కామేశ్వరి చేతిలో పెట్టాడు. ఆవిడ చదివి నడుం బిగించింది.

"ఇరవయ్యేళ్లు నోరు మూసుకుని రాసినోడివి ఇప్పుడేటొచ్చింది నీకు, ఊరందరికీ నేని బాద నీకొక్కడికేనా, ఆ ఎంపీ నీకు బావా మరిదా, రేపు పొయ్యి మీద ఏటెట్టమంటావు, నలుగురిలో నాను తలెత్తుకోవాలా వద్దా, అడుగుతంటే సెప్పవేటి..."

ఎల్లారావు ఆవిడ ఎక్కడ ఆగి రొమ్ము పట్టుకుంటుందోనని చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఆగలేదు. ఇంత పొడుగు తిట్టు ఆవిడ నోట విని నాలుగేళ్లయింది. ఆయనకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. తన తిట్లు బాగా తగిలాయనుకుని కామేశ్వరి ఇంకాస్త గొంతు పెంచింది.