అందరికీ మిర్యాలగూడ మిషనే!

సూర్యాపేటలో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రైతులు వరికోత మిషన్లు బుక్ చేసుకునే వెబ్‌సైటు నడుపుతాం. ఏ ఊరి డ్రైవరుకు కబురు పంపాలో చూసే కోడ్ ముక్కను సర్వీసు అంటాం; బుకింగ్ పేజీ దాన్ని తాను తయారు చేసుకోదు. రైతు ఊరు చూసి, ఫ్యాక్టరీ అనే కోడ్ దాన్ని తయారుచేసి పేజీ చేతికి అందించాలి. దీన్నే డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారని మా టీమ్ లీడర్ రెండు వారాలు మాకు క్లాసు పీకాడు.

ఈ రోజు పొద్దున మొదటి బుకింగ్ మిర్యాలగూడ నుంచి వచ్చింది. ఇక అంతే, ఆ తర్వాత ఏ ఊరివాళ్లు అడిగినా కబురు మిర్యాలగూడ డ్రైవరుకే వెళ్లింది.

మధ్యాహ్నం గరిడేపల్లి రైతు సైదులు ఫోన్ చేస్తే, లీడర్ ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు.

"సారూ, గీడ మబ్బు పట్టింది. కోతకొచ్చిన వరి తడిస్తే ఖతం. పక్కనే హుజూర్‌నగర్ల మిషన్ ఉండంగ, మిర్యాలగూడ నుంచి పంపుతరేంది?"

కోదాడకు చెందిన మా లీడర్ గంభీరంగా వివరించాడు. "ఫ్యాక్టరీ ఒకసారి సర్వీసు తయారు చేశాక, రోజంతా అందరికీ అదే ఇస్తామండీ. స్పీడు కోసం."

"మా ఊర్ల చాయ్ హోటల్ యాదమ్మ గిట్లనే చేస్తదా సారూ? పొద్దుగాల మొదటొచ్చినోడు చక్కెర లేని చాయ్ అడిగిండని, పొద్దుమూకేదాంక అందరికీ గదే పోస్తదా?"

లీడర్ ఫోన్ పెట్టేసి, కోడ్‌లో ఒకే ఒక్క మాట మార్చాడు: 'రోజుకోసారి' తయారయ్యే సర్వీసు ఇక 'ప్రతి బుకింగ్‌కీ' కొత్తగా తయారవుతుంది. హుజూర్‌నగర్ మిషన్ కదిలింది.

సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. "రేపటి క్లాసులో ఆ చాయ్ ఉదాహరణ నేను చెబుతాను, నువ్వు ముందే ఎక్కడా అనేయకు."

అందుకే ఇక్కడ రాసేశాను. మీ ఆఫీసులో అసలు పాఠం చెప్పేది ఎవరండీ, లీడరా, సైదులా?