స్లాబు కింద తొమ్మిదిరోజుల పాప

పాప సరిగా పాలు తాగడం లేదని కోసిగి నుంచి చెల్లెలు సుజాత తెల్లారకముందే ఫోను చేసింది. పుట్టి తొమ్మిదిరోజులు. "నిన్న నర్సమ్మ చూసిందక్కా. జబ్బేం లేదంట, గది వేడంట. ఈ సాయంత్రానికి తాగకపోతే ఆదోని ఆసుపత్రికి తెమ్మనింది. అత్త తలుపు తీయనియ్యదు," అని ఏడ్చింది.

ఐదున్నరకి కడపలో రైలెక్కాను. జనరల్ పెట్టెలో గుంతకల్లు దాకా నిలబడే వెళ్లాను. ఆదోనిలో దిగేసరికి పదిన్నర. బొరుగుల ఉగ్గాని, బజ్జీ కట్టించుకున్నాను గానీ పొట్లం విప్పలేదు. కోసిగి బస్సు ముప్పావుగంట ఆలస్యం. మిరపకోతల నుంచి తిరిగొస్తున్న పక్కసీటు పెద్దాయన నా కథ విని, "స్లాబింట్లో బాలింతనా? మేమైతే పగలు బయటే ఉంటామమ్మా, లోపలికి పోతే ఉడికిపోతాము," అన్నాడు.

ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. సిమెంటు కప్పు, ఒకటే కిటికీ, అదీ పడమరకి. పచ్చిబాలింతకి గాలి తగలకూడదని దాన్ని మూసి గుడ్డలు కుక్కారు. గోడవైపు తిప్పిన కూలరు రాత్రింబగళ్లు తిరుగుతోందట. మూసిన గదిలో కూలరు చల్లదనమివ్వదు, ఆవిరి పెడుతుంది. పాప ఏడవడం కూడా లేదు. నాకు భయం, దాని వెనకే కోపం.

"తలుపు తీయండత్తా."

సుజాత అత్త ఎల్లమ్మ అడ్డం నిలబడింది. "ఏమైనా అయితే నువ్వొస్తావా? నలుగురు బిడ్డల్ని తలుపులేసుకొనే సాకినా."

"యాడ?"

"ఆ పాతింట్లో."

పెరట్లో మట్టిమిద్దె. మూరెడు మందం గోడలు, కప్పు మీద వేడి దిగనీయని చౌడుమన్ను. ఇందాక కాళ్లు కడుక్కుంటూ లోపలికి చూశాను. గడ్డిమోపుల పక్కన ఆమె చాప, చెంబు ఉన్నాయి.

"మరి మద్దేనం మీరు యాడ పండుకుంటాండారత్తా?"

ఆమె పక్కకి తప్పుకుంటూ, "కొత్తిల్లు కట్టుకొని బాలింతను గడ్డింట్లో పెడితే నలుగురూ నగుతారమ్మా," అంది. అని తనే చీపురు తీసుకుంది. తేళ్లుంటాయని మూలమూలా దులిపి, మోపులు బయటికి మోసింది.

తల్లీబిడ్డల్ని అక్కడికి మార్చాం. ఆ ఇంట్లో ఫ్యాను లేదు. తలుపు ఓరగా వేసి, సుజాత తలకి గుడ్డ ఎప్పటిలాగే కట్టాం. గంట గడిచింది. తాగకపోతే ఆదోని ఆసుపత్రికని ఆటో మాట్లాడి వాకిట్లో నిలబెట్టాను. మూడుంబావుకి పాప మూలిగి, తల తిప్పి, రొమ్ము పట్టింది. ఎల్లమ్మ గోడకేసి తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బయల్దేరేముందు సంచి కోసం కొత్తింట్లోకి వెళ్తే, ఎవరూ లేని గదిలో కూలరు తిరుగుతూనే ఉంది. స్విచ్ ఆపాను.

ఆరుగంటల బస్సులో ఉగ్గాని పొట్లం విప్పాను. ఆదోని దగ్గర ఫోను మోగింది, పాప మళ్లీ తాగిందట. ఎండాకాలం ఈ వైపు వచ్చేవారికి ఒక్క మాట. ఎవరింట దిగినా, ఆ ఇంటి ముసలమ్మ మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటుందో చూసి, మీ చాప అక్కడే వేసుకోండి.