అద్దకం విభాగంలో వేట బూట్లు

కోవిడ్ గొడవ సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలం నాటికి నేను సూరత్‌లో, బమ్రోలి దాపున ఉన్న ఒక బట్టల మిల్లులో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఆవరణలో ఒక పక్క మరమగ్గాల షెడ్డు, మరో పక్క అద్దకం విభాగం. సేఫ్టీ ఆఫీసరు పోస్టు చట్టం పెట్టమంది కాబట్టి పెట్టినది. హోదాలో నేను ప్రొడక్షన్ మేనేజరుకు కింద, గేటు దగ్గరి సెక్యూరిటీ జమేదారుకు పైన. పలుకుబడిలో మాత్రం జమేదారే నాకన్నా ఒక మెట్టు పైన. ప్రమాదం జరిగితే నివేదిక రాయడం, జరగకపోతే జరగలేదని రాయడం, కార్మికులకు ఇచ్చే టోపీలు, చేతి తొడుగులు, బూట్లు పనికి తగినవేనని సంతకం పెట్టడం నా విధులు. ఈ చివరి విధిని నేనెంత చక్కగా నిర్వర్తించానో చెబుతాను.

అప్పటిదాకా అద్దకం వాళ్ళకు మోకాలి కిందివరకు వచ్చే నల్ల రబ్బరు గంబూట్లు ఇచ్చేవాళ్ళం. చూడ్డానికి వికారంగా ఉంటాయి, లోపల చెమట కంపు. అయితే వదులుగా ఉండటం వల్ల కాలు గట్టిగా విదిలిస్తే ఊడి అవతల పడతాయి. అక్కడి పాతకాపులు ప్యాంటును గంబూటు పైనుంచి బయటికి వదిలేవారు. మీద వేడినీళ్ళు పడితే ప్యాంటు మీదుగా, బూటు మీదుగా జారి నేల మీదికి పోతాయి. ఈ కిటుకు వాళ్ళకు ఎవరూ శిక్షణ తరగతి పెట్టి నేర్పలేదు. నేనైతే అసలే నేర్పలేదు.

యజమాని కొడుకును మిల్లులో అందరూ ఛోటా సేఠ్ అనేవారు. ఆయన ఏదో ఎగ్జిబిషన్‌కు వెళ్ళి, విదేశీ వేటగాళ్ళ కోసం తయారై ఆర్డరు రద్దుకావడంతో గోదాములో మిగిలిపోయిన బూట్లను అక్కడ అమ్మకానికి పెట్టి ఉంటే చూసి మనసు పారేసుకున్నాడు. మర్నాటికల్లా సేల్స్‌మన్ నమూనాలతో దిగిపోయాడు. అతను తెచ్చిన కేటలాగు అట్ట మీద, భుజాన తుపాకీతో ఎవరో దొర మోకాలి లోతు మంచులో నిలబడి ఉన్నాడు. గుజరాతులో, అందులోనూ రంగునీళ్ళ మధ్య, మా వాళ్ళు ఏ జంతువును వేటాడాలో నాకు అర్థం కాలేదు.

ఆ సేల్స్‌మన్‌ను మాత్రం తప్పుపట్టలేను. అతనికి తన సరుకు తెలుసు. రాళ్ళ గుట్టలెక్కే వేటగాడికి గట్టి అడుగు, చీలమండను పట్టుకునే ఎత్తు కావాలన్నాడు. బురద నేలకు రబ్బరు బూటు, ఎండ ప్రాంతానికి అస్తరు లేని పల్చటి తోలు బూటు, మంచుకు లోపల బొచ్చు కుట్టిన పొడుగు బూటు అని విడదీసి చూపించాడు. బూట్లు సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మేజోళ్ళతో సహా తొడిగి చూడాలట. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, వాలు దిగుతుంటే మడమ లోపల లేవకూడదు. కొత్తవాటితో రోజూ కొంచెం కొంచెంగా నడిచి అలవాటు చేసుకున్నాకే అడవికి వెళ్ళాలి. పాపం, ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. అతనంత చెబుతుంటే వినే నాథుడు లేడు.

ఛోటా సేఠ్ మంచు బూట్లు తొడుక్కుని ఏసీ గదిలో తివాచీ మీద నాలుగడుగులు వేశాడు. అద్దంలో చూసుకున్నాడు. బహుత్ బఢియా అన్నాడు. పర్చేజ్ మేనేజరు అంతకంటే బఢియా అన్నాడు. బూటు పరీక్ష అంతటితో ముగిసింది. సూరత్‌లో మంచు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా దొరకదని ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిన నేను నోరు మెదపలేదు. నాకు రిటైర్‌మెంటు దగ్గర పడింది, ఆ తరువాత ఇంకో రెండేళ్ళు పొడిగింపు అడుగుదామని ఆశ. 'అన్ని విభాగాలకూ తగినవి' అని రాసి సంతకం గీకాను.

నెల తిరక్కుండానే అద్దకం విభాగం నుంచి నర్సయ్య నా గదికి వచ్చాడు. సిరిసిల్ల పక్కన పల్లెటూరు అతనిది. సూరత్ వచ్చి చాలా ఏళ్ళయింది, భార్యతో ఉధ్నాలో అద్దె గదిలో ఉండేవాడు. జిగ్గర్ నడపడంలో అతన్ని మించినవాడు మా మిల్లులో లేడు. జిగ్గర్ అంటే గుడ్డను కాగే రంగునీళ్ళ తొట్టిలోంచి అటూ ఇటూ చుట్టే యంత్రం. రంగు పట్టాక వాల్వు తిప్పి ఆ నీళ్ళను గొట్టం గుండా కాలువలోకి వదులుతారు. అతను గుమ్మం దగ్గరే నిలబడి, చూపు నేల మీద పెట్టి మాట్లాడాడు.

"సారూ, నాకు షుగరున్నది. కాలికి పుండైతే మానదని డాక్టర్ చెప్పిండు. గీ బూట్ల లోపటి బొచ్చు వానలకు ఆర్తలేదు, కాలు నాని మెత్తవడుతున్నది. నాకు గా పాత గంబూట్లే ఉండనియ్యుండ్రి."

అడిగింది కొత్త వస్తువు కాదు, స్టోరు రూములో మూలన పడేసిన పాత రబ్బరు బూట్లు. నేనేమన్నానో తెలుసా? ఆర్డరు అందరికీ ఒకటే, ఒకరికి సడలిస్తే రేపు పదిమంది వస్తారన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. ఎంత పెద్ద అధికారినో కదా నేను!

ఇంతలో మగ్గాల షెడ్డులో వేరే పేచీ మొదలైంది. అక్కడి వాళ్ళలో చాలామంది తెలంగాణ పద్మశాలీలు. మగ్గం దగ్గరికి చెప్పులతో వెళ్ళరు. షెడ్డు గుమ్మం బయట కాలిజోడు విడిచి, మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకుని పని మొదలుపెడతారు. వేట బూట్లయినా వాళ్ళకు చెప్పులతో సమానమే. ఛోటా సేఠ్ ఒకరోజు షెడ్డుకు వెళ్ళేసరికి తన ముద్దుల బూట్లన్నీ గుమ్మం బయట గుడి ముందు విడిచినట్టు ఉన్నాయి. ఆయనకు ఒళ్ళు మండింది. బూట్లు లేకుండా ఎవరూ లోపల ఉండకూడదని, రోజుకు రెండుసార్లు తనిఖీ చేయాలని జమేదారుకు హుకుం జారీ చేశాడు. జమేదారు వంగి ఒక్కొక్కడి కాళ్ళూ చూడాలంటే నడుం నొప్పి అన్నాడు. ప్యాంటు అంచులు బూట్లలోకి దోపుకుంటే దూరం నుంచే కనిపిస్తాయని ఉపాయం కూడా తానే చెప్పాడు.

అలా ఒక జమేదారు నడుం కోసం మిల్లంతటికీ భద్రతా నియమం పుట్టింది. దాన్ని హిందీలో, గుజరాతీలో, తెలుగులో టైపు చేయించి గోడలకు అంటించారు. కింద సంతకం నాది. తెలుగు కాగితంలో అచ్చుతప్పులు నేనే దిద్దాను కూడా.

నోటీసు అంటించిన వారానికే, ఒక మధ్యాహ్నం నర్సయ్య జిగ్గర్ వాల్వు తిప్పగానే గొట్టం బిగింపు ఊడి వేడినీళ్ళు అతని మోకాలి మీద కొట్టాయి. ప్యాంటు బయటికి ఉంటే నీళ్ళు కిందికి జారిపోయేవి. దోపుకుని ఉండటంతో గరాటులో పోసినట్టు కుడి బూటులోకి దిగాయి. బూటు వాటర్‌ప్రూఫ్, అంటే బయటి నీరు లోపలికి రాదు, లోపలి నీరు బయటికి పోదు. బొచ్చు ఆ వేడినంతా పట్టి ఉంచింది. విదిలిస్తే ఊడేది కాదది, పొడుగునా కొక్కేలు, వాటికి తడిసి బిగుసుకున్న లేసులు. పక్క జిగ్గర్ మనిషి గుడ్డ కోసే కత్తితో లేసులు తెంపేదాకా కాలు అందులోనే ఉడికింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి అతని పాదాన్ని చల్లటి నీళ్ళ కింద పెట్టారు. నర్సయ్య అరవడం లేదు. షుగరు వల్ల పాదంలో సగం స్పర్శ ఎప్పుడో పోయిందట. ఆ సంగతి అప్పుడే నాకు తెలిసింది, తెలుసుకుందామని అంతకుముందు నేను అడగలేదు.

అతను ఆసుపత్రిలో ఉండగానే హెచ్ఆర్ మేనేజరు ప్రమాద నివేదికతో నా గదికి వచ్చాడు. కారణం అన్న గడిలో కార్మికుడి నిర్లక్ష్యం అని ముందే పెన్సిలుతో రాసి తెచ్చాడు. గొట్టం బిగింపు చూసుకోకపోవడం ఆపరేటరు తప్పేనట. దాని మీద నేను సిరాతో దిద్దితే చాలట. ఆ మాట ఖరారైతే నర్సయ్యను పనిలోంచి తీసేస్తారు. కాలు చెడిన షుగరు మనిషిని ఆ వయసులో సూరత్‌లో ఇంకే మిల్లువాడూ గేటు దాటనివ్వడు. ఛోటా సేఠ్ కూడా ఫోన్ చేసి, నా పొడిగింపు కాగితం తన బల్ల మీదే ఉందని తీయగా గుర్తుచేశాడు. ఆ బల్ల వెనక తివాచీ మీద ఆ బూట్లతో నడిచింది ఆయనే. నాలుగడుగులు!

నేను సంతకం చేయకుండా నర్సయ్యను చూడటానికి వెళ్ళాను. అప్పటికి రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. వాల్వు తిప్పేముందు బిగింపు చూశావా అని అడిగాను. అడగడానికి సిగ్గుండాలి, అయినా అడిగాను.

"చూసిన సారూ, గట్టిగనే ఉండె," అన్నాడు నర్సయ్య. మళ్ళీ తానే, "ప్యాంటు గూడ మీరు చెప్పినట్లే లోపటికి దోపిన గద," అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. నేను చెప్పిన నియమం తాను తప్పలేదని నాకు తెలియాలని, రుజువు చెప్పుకుంటున్నట్టు అన్నాడు. తిరిగి ఆఫీసుకు వెళ్ళి పెన్సిలు రాత చెరిపేశాను. మంచు ప్రాంతానికి చేసిన బూట్లను అద్దకానికి ఇవ్వడం, ప్యాంటు లోపలికి దోపుకోమని ఆదేశించడం ప్రమాదానికి కారణాలని, రెండింటినీ ఆమోదించింది సేఫ్టీ ఆఫీసరని రాసి, కింద నా పేరు రాశాను. నకలు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను.

నాకు పొడిగింపు రాలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి తనిఖీ చేసి వెళ్ళాక గంబూట్లు తిరిగి వచ్చాయి, నోటీసులు గోడల మీంచి దిగాయి. నర్సయ్య పాదం దక్కింది. ఉద్యోగం కూడా దక్కింది, గుడ్డ మడతపెట్టే విభాగంలో కూర్చుని చేసే పని ఇచ్చారు. జిగ్గర్ దగ్గర నిలబడే పని మాత్రం మళ్ళీ చేయలేకపోయాడు.

ఈ ఉదంతం నాకు నేర్పిందేమిటంటే, బూటు తగినదో కాదో ఆఫీసు గదిలో తేలదు. ఏ నేల మీద, ఏ కాలంలో మనిషి పనిచేస్తాడో ఆ నేల మీద, ఆ కాలంలో, సంతకం పెట్టేవాడు ముందుగా ఒక షిఫ్టు పూర్తిగా దాన్ని తొడుక్కుని నిలబడాలి. నా గది నుంచి అద్దకం విభాగానికి నడిస్తే అయిదు నిమిషాలు. ఆ బూట్లను నేను ఒక్క రోజు కూడా తొడుక్కోలేదు.