మా బావగారి ముంగిసలు

ఈ ఉదయం కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ కుయ్యిమంది. చూస్తే ఎండ హెచ్చరిక. మధ్యాహ్నానికి తొంభై అయిదు డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది, పెద్దవాళ్లనీ పసిపిల్లలనీ పెంపుడు జంతువులనీ జాగ్రత్తగా చూసుకోండి అని. మిషిగన్‌లో ఇలాంటి రోజులు వేసవి మొత్తంలో ఏ నాలుగైదో వస్తాయి. అందరూ ఏసీ ఒక మెట్టు పెంచుకుని ఊరుకుంటారు. నా కాళ్లు మాత్రం నన్నడక్కుండానే బేస్‌మెంట్ మెట్ల వైపు నడిచాయి. కింద చల్లగా ఉంటుందని నాకు తెలుసు. ముంగిసల్లాంటి మా ఫెర్రెట్లు రెండూ పాత దుప్పట్లో చుట్టుకుని మొద్దునిద్ర పోతుంటాయనీ తెలుసు. అయినా దిగి, వాటి పొట్టలు లేచి పడటం చూసి, పైకొచ్చాక గానీ కాఫీ గొంతు దిగలేదు. ఈ భయం వెనక ఒక వేసవి ఉంది. ఆ వేసవిలో మా బావగారున్నారు.

బావగారంటే మావారి అన్నగారు. గుంటూరు జిల్లా పశువుల ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చే ఊళ్లలో మిగతా అయిదు రోజులూ ఈయనే డాక్టరు. గేదె ఈనలేక అవస్థ పడుతోందంటే తింటున్న అన్నం ముందు నుంచి లేచి సైకిలెక్కేవారట. మావారు సిటిజన్ అయిన కొత్తలో అన్నావదినలకి వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ పద్నాలుగేళ్లకి కదిలింది. ఆ కబురు కోసం ఆయనకంటే ఎక్కువగా ఎదురుచూసింది ఆయన భార్య, మా తోడికోడలు. మంచు ఎలా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఎంతసేపు ఉంటుంది అని నన్ను ఫోన్‌లో అడిగేది. కబురు రావడానికి ఏడాది ముందు ఆవిడ పోయింది. పిల్లల్లేరు. ఇంక ఉండి ఏం చేస్తావు, వచ్చెయ్యి అని మావారు పట్టుబడితే, కాదనే ఓపిక లేక బావగారు వచ్చేశారు. ఆయన పెట్టెలో ఆవిడ పాస్‌పోర్టు కూడా వచ్చింది, ఒక్క ముద్ర పడకుండా.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికొచ్చిన మొదటి ఏడాది ఆయన మాట్లాడిన మాటలన్నీ రాస్తే ఒక కాగితం నిండదు. మేమిద్దరం కార్ల కంపెనీల్లో ఇంజనీర్లం, పొద్దున్నే పరుగులు. అమ్మాయి బడికి. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మంచు చూసేవారు, మంచు కరిగాక గడ్డి చూసేవారు. నేనేమో బావగారి ఎదుట కుర్చీలో కూర్చోకూడదనే పద్ధతిలో పెరిగినదాన్ని. ఆఫీసులో వైస్ ప్రెసిడెంట్ ముందు కాలు మీద కాలేసుకుని కూర్చునే నేను, ఇంట్లో బావగారు హాల్లోకి రాగానే వంటింట్లోకి మాయమయ్యేదాన్ని. ఆయనా అంతే, నా అలికిడి వినగానే పెరటి వైపు చెక్క డెక్ మీదకి వెళ్లిపోయేవారు. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లం దాగుడుమూతలు ఆడుతున్నట్టుండేది.

ఆ ఏప్రిల్‌లో మా అమ్మాయి స్నేహితురాలి కుటుంబం ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వెళ్లిపోతోంది. వాళ్లకి రెండు ఫెర్రెట్లు ఉండేవి. ముంగిస కంటే చిన్నవి, మూర పొడుగు వొళ్లు, పొట్టి కాళ్లు, నల్లపూసల్లాంటి కళ్లు. అక్కడ వాటిని పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదట. ప్యాకర్లు వచ్చి సామానంతా సర్దుతుంటే ఆ పిల్ల బోను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో క్లాసు. స్నేహితురాలి కన్నీళ్లు చూసి, మాతో ఒక్క మాటైనా చెప్పకుండా, నేను చూసుకుంటాను అని మాటిచ్చేసింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బోను మా హాలు మధ్యలో ఉంది.

వాసన. ముందు నాకు తగిలింది అదే. తడిసిన గోనెసంచిలో తేనె ఒలికినట్టు, తియ్యగా, మందంగా, ముక్కులో తిష్ఠవేసుకునే వాసన. దేవుడి గది ఉన్న ఇంట్లోకి ఇది పనికిరాదని అప్పటికప్పుడు తేల్చేశాను. అమ్మాయి కళ్లు నీళ్లు పెట్టుకుంది. మావారు నేను చెప్పిందీ నిజమే, పిల్ల చెప్పిందీ నిజమే అని ఇద్దరి వైపూ తలూపారు. అప్పుడు కిటికీ దగ్గర నుంచి బావగారు లేచి వచ్చి, బోను ముందు గొంతుక్కూర్చుని, రెంటినీ చాలాసేపు చూశారు. పళ్లు చూశారు, చెవులు చూశారు. రెండో దాన్ని మెడ పట్టి ఎత్తితే అది నోరంతా తెరిచి ఆవలించింది.

"ముంగిస జాతేనమ్మా," అన్నారు. "మనిషి ఇంట్లో, జంతువు కొట్టంలో. గాలీ వెలుతురూ తగిలితే దాని ఒంటికీ మంచిది, మన ముక్కుకీ మంచిది. నేను గూడు కడతాను."

అమ్మాయి ఊరుకోలేదు. తన తెలుగులో తను వాదించింది. "పెద్నాన్నా, వాళ్లు ఇండోర్ యానిమల్స్. వాళ్లకి స్వెట్ రాదు. హాట్ అయితే సిక్ అయిపోతారు. నేను మొత్తం చదివాను." బావగారు నవ్వలేదు, కసరలేదు. గేదెకి కూడా చెమట సరిగ్గా పట్టదు తల్లీ, అయినా బయటే ఉంటుంది అన్నారు. ముప్ఫై ఏళ్ల అనుభవం ముందు ఎనిమిదో క్లాసు పిల్ల చదువు ఏం నిలుస్తుంది? నేను వెంటనే బావగారి పక్షం చేరాను. నిజం చెప్పాలంటే నాకు జంతుశాస్త్రం అక్కర్లేదు, నా హాలు నాకు కావాలి. వాసన బాధ నాది, వాదన ఆయనది. బాగా కుదిరింది.

గూడు కట్టడం పదిరోజులు సాగింది. ఆ పదిరోజులూ బావగారు వేరే మనిషి. మావారిని వెంటేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి చెక్కలు తట్టి చూసి ఏరుకున్నారు. కొలతలన్నీ జానల్లోనే. పెరట్లో మేపుల్ చెట్టు నీడన నాలుగు కాళ్ల మీద గూడు లేపి, ముందు వైపు తీగ జల్లెడ కొట్టి, పైన రేకు వేశారు. రాత్రిళ్లు పెరళ్లలో దూరే రకూన్లు తెరవకుండా రెండు గొళ్లాలు. మూతి నల్లగా ఉన్నదాన్ని నల్లమూతిది అనీ, ఒళ్లంతా లేతగా ఉన్నదాన్ని తెల్లది అనీ పిలవడం మొదలుపెట్టారు. అంతకుముందు వాటికి ఏవో కాఫీ పేర్లుండేవి, అవి ఎవరికీ గుర్తులేవు. పొద్దున్నే అవి గెంతుతూ, కోడిపెట్ట లోగొంతుతో గొణిగినట్టు కుక్కుక్కుమంటూ వెనక్కి వెనక్కి దూకుతుంటే ఆయన టీ కప్పు పట్టుకుని నిలబడి చూసేవారు. మే, జూన్ నెలలు అలా హాయిగా గడిచాయి. చూశావా అన్నట్టు నేను అమ్మాయి వంక చూసేదాన్ని కూడా.

జులైలో ఒక ఆదివారం తెలుగువాళ్ల పిక్నిక్ ఉంది. బావగారు ఎక్కడికీ రారు. ఆ రోజు మావారు బతిమాలి కారెక్కించారు. బయల్దేరేటప్పుడు గూడు మీద చిక్కటి నీడ ఉంది, రెండు గిన్నెల నిండా నీళ్లున్నాయి, అన్నీ ఆయనే చూసుకున్నారు. పార్కులో పులిహోర తిని, మరో పెద్దాయనతో రెండు ముక్కలు మాట్లాడారు కూడా. మేం తిరిగొచ్చేసరికి నాలుగైంది. పొద్దు పడమటికి తిరిగాక మేపుల్ నీడ పక్కింటి కంచె మీదకి జరిగిపోయింది. గూడు మొత్తం ఎండలో ఉంది. పైన రేకు.

అమ్మాయి అరుపుకి నేను పరుగెత్తాను. నల్లమూతిది నీళ్ల గిన్నెలో పొట్ట ఆనించి పడుకుని రొప్పుతోంది. తెల్లది కదలడం లేదు. నోరు తెరుచుకుని, నాలుక బయటపడి, తడిగుడ్డలా వేలాడుతోంది. అమ్మాయి ఐసు కోసం వంటింట్లోకి పరిగెత్తబోతే బావగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఐసు వద్దు తల్లీ. ఐసు పెడితే పైన బిగుసుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. మామూలు నీళ్లు తే. నోట్లో మాత్రం చుక్క పొయ్యకండి."

అంత స్థిరమైన గొంతు ఆయనకుందని నాకు తెలియదు. తెల్లదాన్ని గరాజ్‌లో నీడకి తెచ్చి, పాదాలు, చంకలు, పొట్ట కింద తడుపుతూ, నన్ను విసరమన్నారు. విసనకర్ర లేదు, చేతికందిన పీజా డబ్బా మూతతో విసిరాను. మావారు జంతువుల ఎమర్జెన్సీ ఆసుపత్రికి ఫోన్ చేసి కారు తీశారు. వెనక సీట్లో బావగారు, నేను పక్కపక్కన కూర్చున్నాం, ఆయన ఒళ్లో తడి తువ్వాలు, తువ్వాల్లో అది. ఇరవై నిమిషాల దారి. వేలితో దాని ఛాతీ మీద తడుముతూనే ఉన్నారు. ఉందమ్మా, కొట్టుకుంటోంది అని రెండుసార్లు నాతో చెప్పారు. అమ్మాయి ముందు సీట్లో నల్లమూతిదాన్ని పట్టుకుని, వెనక్కి తిరగకుండా కూర్చుంది.

ఆసుపత్రిలో దాన్ని లోపలికి తీసుకెళ్లాక మేం గంటన్నర కూర్చున్నాం. బావగారు అమ్మాయి పక్కకి వెళ్లి కూర్చున్నారు.

"తప్పు నాదే తల్లీ," అన్నారు. "నేను గొడ్లని చూశాను. వీటిని చూళ్లేదు. నువ్వు చదివి చెప్పావు, నేను వినలేదు."

పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం అమ్మాయి అప్పటిదాకా చూసి ఉండదు, ముఖ్యంగా వాళ్ల అమ్మ దగ్గర. నేను లేచి నిలబడ్డాను. బావగారితో నేరుగా నేనన్న మొదటి పెద్ద మాట అదేనేమో. "మీ తప్పు కాదు బావగారూ. ఇంట్లోకి వద్దన్నది నేను. మీ మాట నాకు అక్కరకొచ్చింది, అందుకని పట్టుకున్నాను." ఆయన నా వంక చూసి, పక్కన ఖాళీ కుర్చీ చూపించి, కూర్చోమ్మా అన్నారు. కూర్చున్నాను.

డాక్టరమ్మ బయటికొచ్చి, బతుకుతుంది, ఇవాళ్టికి ఇక్కడే ఉంచుకుంటాం అంది. తరవాత, మొదట చల్లబరిచింది ఎవరు అని అడిగింది. అమ్మాయి బావగారిని చూపించింది. సరిగ్గా చేశారు, అలా చెయ్యకపోతే ఇక్కడిదాకా వచ్చేది కాదు అని డాక్టరమ్మ అంటే, అమ్మాయి దాన్ని తెలుగులోకి మార్చి చెప్పింది. సగం మాటలే తెలుగు. ఆయనకి మొత్తం అర్థమైంది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెరట్లో గూడు లేదు. చెక్కలన్నీ విప్పి కంచె పక్కన పేర్చారు. బేస్‌మెంట్‌లో బావగారు టార్చి పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. నా ఎదుట ఏనాడూ కాలు చాపి కూర్చోని మనిషి వాషింగ్ మెషీన్ కింద తల దూర్చారు. ముంగిస కంటితో చూస్తే గానీ కన్నాలు కనపడవమ్మా అన్నారు లోపలి నుంచి. అమ్మాయి పక్కనే పడుకుని జాబితా రాస్తోంది. వెనక్కి వాలే సోఫాలో నలిగి చచ్చిపోతాయని దాన్ని వదిలించుకున్నాం. రబ్బరు ముక్కలు మింగుతాయని రిమోట్లూ ఇయర్‌ఫోన్లూ అటక ఎక్కించాం. వాసన గురించి ఇద్దరూ కలిసి కనిపెట్టింది వింటే మీరు నమ్మరు: తరచుగా స్నానం చేయిస్తే వాసన పెరుగుతుందట. పక్కగుడ్డలు ఉతుకుతూ ఉంటే చాలు. నా ముక్కు ఓడిపోయిందో, అలవాటు పడిందో, ఆగస్టుకల్లా ఆ గొడవే మర్చిపోయాను. నా ఆఫీసు బ్యాడ్జి మూడుసార్లు పోయి, మూడుసార్లూ వాటి దొంగసొత్తులో బావగారి సాక్సుల కింద దొరికింది.

అయినా ఆయన బయటని పూర్తిగా వదల్లేదు. పొద్దు పోయాక దీపాలు వెలుగుతుంటే వాటి ఒంటికి రాత్రీ పగలూ లెక్క తప్పుతుందని అమ్మాయి ఎక్కడో చదివి చెప్తే, సూర్యుడు వాలగానే బేస్‌మెంట్ లైట్లు ఆర్పేసేవారు. ఎవరైనా కింద బట్టలు ఉతుక్కోవాలంటే అంతలోపే. డిసెంబరులో మొదటి మంచు మోకాలెత్తు పడ్డ ఉదయం, రెంటికీ పట్టీలు కట్టి పెరట్లోకి తీసుకెళ్లారు. చలి వాటికి పండగ. తెల్లది మంచులో మూతి దూర్చి లోపలికి దొలుచుకుంటూ పోయింది. తాడు మాత్రం కదులుతోంది, జంతువు కనపడదు. నాలుగడుగుల అవతల తల బయటపెట్టి, ముక్కు మీద మంచుతో ఆయన వంక చూసింది. బావగారు నవ్వారు. భుజాలు కదిలేలా, కళ్లు తుడుచుకునేలా. తరవాత వంగి పిడికెడు మంచు తీసుకుని, అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అది కరిగేదాకా ఆయన చెయ్యి విదల్చలేదు.

ఆ తరవాత సంవత్సరాలు సాఫీగా సాగాయి. ఆ డాక్టరమ్మే ఆయన్ని దిక్కులేని ఫెర్రెట్లని సాకే షెల్టర్ ఒకదానికి పరిచయం చేసింది. శనివారం శనివారం వెళ్లి గోళ్లు కత్తిరిస్తారు, మందులు పడతారు. అక్కడి ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో జంతువుల భాగాలన్నీ వచ్చు గానీ బ్యాంకులో ఒక ముక్క రాదు. నల్లమూతిది అయిదో ఏట పోయింది, తెల్లది ఆ మరుసటి ఏడు, ఆయన ఒళ్లోనే. అమ్మాయి జంతువుల డాక్టరవుతుందని అందరూ అనుకున్నారు. అది ఆన్ ఆర్బర్‌లో ఫైనాన్స్ చదువుతోంది, సెలవులకి వస్తే మాత్రం ముందు బేస్‌మెంట్‌కే వెళ్తుంది. ఇప్పుడు కింద ఉన్నవి కొత్తవి. మొన్న మార్చిలో షెల్టర్ నుంచి తెచ్చుకున్నారు. అప్పుడు వాళ్లిచ్చిన ఫారం నా చేత చదివించుకున్నారు. అందులో ఒక ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఈ ప్రాణి ఏడెనిమిదేళ్లు బతకొచ్చు, అంతకాలం మీరు చూసుకోగలరా అని. బావగారికి డెబ్భై రెండు. చదవనా మాననా అని నేను తటపటాయిస్తుంటే ఆయనే అడిగి చెప్పించుకున్నారు.

"అంటే నాకు ఎనభై వస్తాయి," అన్నారు వేళ్ల మీద లెక్కేసుకుని. "చూస్తానని రాయమ్మా. నాకు వీలుకాకపోతే ఎవరు అని అడుగుతారు కదా, అక్కడ నీ పేరు రాయి."

రాశాను, ఆయన పక్కన కూర్చునే రాశాను. వచ్చిన కొత్తలో రేపు ఏం వారమో కూడా అడగని మనిషి, ఎనిమిదేళ్లకి ఒప్పుకుని సంతకం పెట్టారు. కాలం మన చేతుల్లోంచి జారిపోతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. దాన్ని ఇలా ముందుగా మాటిచ్చి ఇంటికి పిలుచుకోవచ్చని నాకిన్నేళ్లకి తెలిసింది.